రెండు వందల కుందేళ్ళు

ఆయన స్కేలు తెచ్చి కుందేలు చెవి కొలిచాడు.

"ఇది పదకొండు సెంటీమీటర్లు. రెండోది పదిన్నర. చూశావా తేడా?" అంటూ ఆ గుడ్డ కుందేల్ని చెవులు పట్టుకుని ఎత్తి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

ఆమె పొయ్యి మీద కూర అడుగంటకుండా కలుపుతోంది. కలుపుతూనే, "కుందేలుకి తెలియదులెండి" అంది.

ఆయన నవ్వలేదు. "కుందేలుకి తెలియకపోవచ్చు. షాపు వాళ్ళకి తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు స్టోర్సులో పనిచేశాను. ఒక్క మేకు సైజు తప్పితే లారీకి లారీ వెనక్కి పంపించిన వాణ్ణి. విప్పి మళ్ళీ కుట్టు" అని కుందేల్ని బల్ల మీద పెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించిన చార్టు దగ్గరికి వెళ్ళాడు. చార్టు ఆయన స్వయంగా గీసిందే. ఈ వారం ముప్ఫై అయిదు కుందేళ్ళు కావాలి, అయినవి ఇరవై రెండు. ఇరవై రెండు కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాడు. ఒక గీత చాలదనిపించింది కాబోలు.

ఆమె స్టవ్ కట్టేసి, చేయి తుడుచుకుని, చెవి విప్పడానికి కూర్చుంది. కుడిచేతి బొటనవేలు వాచి వారమైంది. సూది గుచ్చేటప్పుడు కాదు, లాగేటప్పుడు నొప్పి. ఆరు వారాలుగా అవే గులాబి రంగు పొట్టలు, అవే నల్ల పూసల కళ్ళు, మెడలో అదే రిబ్బను. రాత్రి కళ్ళు మూసుకుంటే కుందేళ్ళు వరసలో నిలబడి మాకు చెవులేవి, మాకు చెవులేవి అని అడుగుతున్నట్టుండేది. బొమ్మలు కుట్టడం ఆమెకి ఇష్టమైన పని. ఇష్టమైన పనికి కూడా ఒకరోజు భయం పట్టుకుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ ఇష్టం ఎలా మొదలైందో కూడా చెప్పాలి. కూతురికి మూడేళ్ళప్పుడు, జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగకపోతే, పాత దుప్పటి చించి ఒక అవ్వ బొమ్మ కుట్టింది. అవ్వకి బుగ్గల మీద ముడతలు దారంతోనే వేసింది. పిల్లకి జ్వరం తగ్గింది కానీ ఆమెకి ఆ పిచ్చి తగ్గలేదు. ఇంటిపనంతా అయ్యాక మిగిలే అరగంట, పావుగంటలో ఒక్కో ఆడమనిషిని కుట్టేది. అందరూ ఆమె చూసినవాళ్ళే. నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వంగి నిలబడినావిడ. బస్సు కోసం చూస్తూ బరువు సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకునే ఆవిడ. ఎవరు పిలుస్తారో, ఎప్పుడు లేవాలో అన్నట్టు కుర్చీ చివర్న మాత్రమే కూర్చున్నావిడ. ఒకరి మొహం ఇంకొకరికి ఉండేది కాదు. చేతిలో బొమ్మ ఉండగా ఎవరో ఒకరు పిలిచేవారు. బొమ్మ చెంపకి సూది గుచ్చేసి లేచి వెళ్ళేది, రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి ఆ సూది అక్కణ్ణుంచే తీసేది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ, "ఆ పీలికలు కుట్టే బదులు నా రవిక గుండీలు కుట్టొచ్చుగా" అనేవారు. గుండీలు కుట్టిన తర్వాతే పీలికలు ముట్టుకునేదన్న సంగతి ఆవిడకీ తెలుసు. ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "వదినకి బోలెడు ఖాళీ" అనేది. ఆ ఖాళీ అన్న మాట ఆమెకి ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. తెల్లారి అయిదింటి నుంచి ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్క అటక మీది పెట్టే. అది కూడా తర్వాత బొమ్మలతో నిండిపోయింది.

కూతురు చదువై, ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళేటప్పుడు ఆ పెట్టె దింపింది. నలభై ఏడు బొమ్మలు. కూతురు అన్నిటినీ మంచం మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత ఒక ఫారం నింపి తెచ్చింది. గ్రంథాలయం పక్కనున్న ఖాళీ స్థలంలో ఆదివారం ఆదివారం చేతిపనుల వాళ్ళు బల్లలు వేసుకుని అమ్ముకుంటారు. చెక్కవీ, మట్టివీ, అల్లికలూ, సబ్బులూ. "ఒక్క వారం వెళ్ళి కూర్చో అమ్మా. నచ్చకపోతే మానెయ్" అంది.

ఆయనకి అప్పటికింకా ఉద్యోగం ఉంది. పేపరు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే, "ఎవరైనా కొంటే నాకు చెప్పు. ఆ మనిషిని ఒకసారి చూడాలనుంది" అన్నాడు.

కొన్నారు. మొదటి ఆదివారం ఎవరైనా ధర అడిగితే ఆమె నోరు పెగలక, తప్పు చేసిన పిల్లలా బల్ల గుడ్డ అంచు నలుపుతూ నిలబడింది. పక్క బల్ల మీద చెక్క గరిటెలు అమ్మే ఆవిడ, అరవై ఏళ్ళుంటాయి, గరుకు చేతులు, పెద్ద గొంతు, అక్కడందరికీ గరిటెలక్క, "చెల్లీ, ధర చెప్పడం బూతు మాట్లాడ్డం కాదు. పైకి చెప్పు" అంది. నవ్వొచ్చి చెప్పేసింది. ఎవరో ఒకాయన కుర్చీ చివర్న కూర్చున్నావిడని చేతిలోకి తీసుకుని, "ఇది మా అమ్మండీ" అన్నాడు, ఫొటో దొరికినట్టు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట ఆయనతో చెప్పలేదు. అది ఆయన హాస్యానికి దొరకడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

ఎనిమిది నెలల కింద ఆయన రిటైరయ్యాడు. మొదటి నెల వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది, ఉప్పు ఎక్కడుందో తనే మర్చిపోయాడు. రెండో నెల కాలనీలో మురుగు కాలవ మూతల మీద ఫిర్యాదులు రాశాడు. మూడో నెల, "నీకు సాయం వస్తా" అని ఆదివారం బయల్దేరాడు. మొదటి వారం బల్ల మోశాడు. రెండో వారం పక్కన నిలబడ్డాడు. మూడో వారం ముందుకొచ్చాడు. నాలుగో వారానికి ఆమె వెనక గోనెసంచి మీద కూర్చుని దూది కూరుతోంది. ఎవరూ ఆమెని వెళ్ళి వెనక కూర్చోమనలేదు. జరిగి జరిగి అక్కడికి చేరింది.

ఒక మాట ఒప్పుకోవాలి, అమ్మడం ఆయనకి వచ్చు. గొంతు బాగా లేస్తుంది, జోకులు వేస్తాడు, దారిన పోయే వాళ్ళని ఆపుతాడు. "మేము మెషీను ముట్టుకోమండీ. ప్రతి కుట్టూ మేము చేత్తోనే వేస్తాం" అనేవాడు. జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగని మనిషి. ఆ 'మేము' విన్నప్పుడల్లా గరిటెలక్క ఇటు తిరిగి ఆమెకేసి చూసేది. ఆమె తల దించుకునేది.

ఒకసారి సరదాకి, పక్కింటి పాపకి చేసిన కుందేల్లాంటిదే ఇంకొకటి చేసి బల్ల మీద పెట్టింది. బజారులో బహుమతుల షాపు నడిపే ఆవిడ దాన్ని చూసింది. షాపావిడ ఆయనతో మాట్లాడుతుండగా ఆమె నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళింది. వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "రెండు వందలు! కుందేళ్ళు! ఆర్డరు!" అన్నాడు. రిటైరయ్యాక ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. దాన్ని ఆర్పడానికి ఆమెకి నోరు రాలేదు. "రెండు నెలల్లో ఇస్తామని మాటిచ్చేశాను. ఇక ఆ ముసలి బొమ్మలు కట్టిపెట్టు. వాటిని చూసి జనం నవ్వుతారు కానీ, అలంకరణకి పెట్టుకుంటారా? గిరాకీ ఉన్నది కుందేళ్ళకే."

అప్పట్నుంచీ ఇల్లు కుందేళ్ళ ఫ్యాక్టరీ అయింది. ఆయన సూపర్‌వైజరు. ఆమె మిగతా స్టాఫంతా. పొద్దున వంట, గిన్నెలు, బట్టలు, మధ్యాహ్నం కుందేళ్ళు, సాయంత్రం మళ్ళీ వంట. "నేను చార్టు వేసి పెట్టకపోతే నువ్వెక్కడ తేలేదానివి?" అనేవాడు, టీ అందుకుంటూ.

చెవి కొలిచిన మర్నాడు ఆదివారం. గాలి ఎక్కువగా ఉంది, బల్ల మీద గుడ్డ ఎగరకుండా నాలుగు వైపులా బట్టల క్లిప్పులు పెట్టారు. బల్ల నిండా కుందేళ్ళే. ఆమె వెనక గోనెసంచి మీద కూర్చుని, ఒక కుందేలు పొట్టలోకి పెన్సిలుతో దూది తోస్తోంది. బల్ల ముందు ఒకావిడ ఆగింది. తెల్ల యూనిఫారం మీద స్వెట్టరు, పాదాలకి తెల్ల బూట్లు. దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సు కాబోలు, డ్యూటీ దిగి వస్తున్నట్టు కళ్ళు అలిసిపోయి ఉన్నాయి.

"ఇక్కడ ఇదివరకు కుర్చీ చివర్న కూర్చున్న ఒకావిడ బొమ్మ ఉండేదండీ" అంది నర్సు. "చూసి, కొనకుండా వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచీ నేను ఎక్కడ కూర్చున్నా ఆవిడే గుర్తొస్తోంది. అలాంటిదే ఇంకొకటి ఉందా?"

"అవి లేవండీ. ఇవి చూడండి, ఉతికినా రంగు పోదు" అన్నాడు ఆయన.

నర్సు కుందేళ్ళ వైపు ఒకసారి చూసి, "బావున్నాయి. కానీ నాకు ఆవిడే కావాలి. అవి చేసే ఆవిడ రావట్లేదా?" అంది.

"ఆవిడ మానేసిందండీ" అన్నాడు ఆయన.

అంత తేలిగ్గా. ఆ గొంతులో కోపం లేదు, అబద్ధమాడుతున్న తడబాటు లేదు. వాన వెలిసిందండీ అన్నట్టు అన్నాడు.

ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ మాట ఆమె ఇదివరకు ఒకసారి వింది. అవే రెండు పదాలు, అదే గొంతు. ఇరవై మూడేళ్ళ కింద, చిన్న గది, కిటికీకి నీలం పరదా, ఒళ్ళో నెలల పిల్ల పాలు తాగుతూ నిద్రపోతోంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఒక బడిలో డ్రాయింగు టీచరు. పిల్లలకి ముక్కూ చెవులూ గీయడం నేర్పేది. ముక్కుని ముక్కులా కాదర్రా, మీ తాతయ్య ముక్కులా గీయండి అనేది, క్లాసంతా నవ్వులే నవ్వులు. ప్రసవానికి మూడు నెలలు సెలవు పెట్టింది. సెలవు అయిపోవస్తోందని హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు. ముందు గదిలో ఆయన ఫోనెత్తి, విని, "ఆవిడ మానేసిందండీ" అన్నాడు. పెట్టేశాడు. లోపలికొచ్చి, "బడి నుంచి. చెప్పేశాలే. పిల్లతో నీకెందుకు ఆ తిప్పలు?" అన్నాడు, మేలు చేసినవాడిలా. పిల్ల లేస్తుందని ఆమె గట్టిగా మాట్లాడలేదు. పిల్ల లేచాక మాట్లాడదామనుకుంది. పిల్ల లేచింది, ఏడిచింది, పాకింది, నడిచింది, బడికెళ్ళింది, ఉద్యోగానికి వెళ్ళింది. ఆ మాట మాత్రం మాట్లాడనే లేదు. అందుకు ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం పెట్టుకుని బతికింది. అది ఆ క్షణందాకా ఆమెకే తెలియదు.

ఇప్పుడు ఒళ్ళో పిల్ల లేదు. సగం దూది నిండిన కుందేలుంది. దాన్ని పక్కన పెట్టి లేచింది. మోకాళ్ళు పట్టేసి రెండుసార్లు లేవాల్సి వచ్చింది.

"నేను మానెయ్యలేదండీ" అంది.

నర్సు తలెత్తి చూసింది. ఆయన కూడా వెనక్కి తిరిగాడు.

"ఆ బొమ్మలు చేసేది నేనే. మానెయ్యలేదు" అని ఇంకోసారి అంది. రెండోసారి గొంతు మొదటిసారి కన్నా మామూలుగా వచ్చింది. "ఇప్పుడు నా దగ్గర లేదు. ఎప్పటికవుతుందో కూడా చెప్పలేను. మొహం కుదిరితేనే అవుతుంది. కానీ చేస్తాను."

"తొందరేం లేదండీ" అంది నర్సు. అలిసిన కళ్ళతోనే నవ్వింది. "మానెయ్యలేదన్నారు కదా. మళ్ళీ వస్తా."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన గొంతు తగ్గించి, "అదేంటి, నన్ను నలుగుర్లో అబద్ధాలకోరుని చేశావు? ఆ బొమ్మలు మానేశావు కదా అని అలా అన్నాను. మరి రెండొందల కుందేళ్ళు ఎవరు చేస్తారు?" అన్నాడు.

ఆమె బల్ల పక్క నుంచి ముందుకొచ్చి నిలబడింది. కాసేపటికి గరిటెలక్క టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, "వచ్చావా ముందుకి? ఇన్ని వారాలుగా చూస్తున్నా, అడుగుదామంటే మొగుడూ పెళ్ళాల మధ్య నేనెవరినని నోరు కుట్టేసుకున్నా. నీ సూది అరువిచ్చుంటే ఇంకా బాగా కుట్టుకునేదాన్ని" అంది. ఆయన వినిపించనట్టు క్లిప్పులు సర్దుతున్నాడు.

సోమవారం పొద్దున వంట చేసి, మూత పెట్టి, తయారైన కుందేళ్ళన్నీ రెండు పెద్ద సంచుల్లో వేసుకుని బహుమతుల షాపుకి బస్సెక్కింది. ఆయన స్నానంలో ఉన్నాడు. బస్సులో కూర్చున్నంతసేపూ మాటలు కూడబలుక్కుంది. క్షమించండి, ఆరోగ్యం బాలేదు అందామా? ఇంట్లో ఇబ్బంది అందామా? మాటిచ్చి తప్పారు అంటే ఏం చెప్పాలి? నలుగురి ముందూ కేకలేస్తే? స్టాపు వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. సంచుల్లోంచి కుందేళ్ళ చెవులు బయటికి పొడుచుకొచ్చి, దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుతున్నారు.

షాపావిడ నిచ్చెన మీద నిలబడి పై అరలో దుమ్ము దులుపుతోంది. ముక్కు మీద కళ్ళజోడు, చెవుల దగ్గర్నుంచి దారం. ఆమె కూడబలుక్కున్న మాటలన్నీ కొట్టు గుమ్మంలోనే ఎగిరిపోయాయి. "అమ్మా, నేను రెండొందల కుందేళ్ళు చెయ్యలేను. నాకు ఇష్టం లేదు" అని ఒక్క గుక్కలో అనేసింది.

షాపావిడ నిచ్చెన మీద నుంచే వంగి చూసింది. "రెండొందలా? ఎవరడిగారమ్మా రెండొందలు?"

"మీరే కదండీ..."

"నేను ఇరవై అడిగాను. ఇరవై! నా కొట్టు చూస్తున్నారుగా, నాకే నిలబడ్డానికి చోటు లేక నిచ్చెనెక్కాను. రెండొందల కుందేళ్ళని ఎక్కడ పడుకోబెట్టను?" అంటూ దిగింది. "మీ ఆయనేగా అక్కడున్నాయన? ఇరవై ఏం సరిపోతాయి మేడం, మేము రెండొందలైనా ఇవ్వగలం అన్నారు. సరే, తెస్తే చూద్దాంలెండి అన్నాను. సంతోషంగా చెబుతున్నారు కదా అని."

ఆమె కౌంటరు పట్టుకుని నిలబడింది. ఎవరూ అడగలేదు. ఆరు వారాలు. వాచిన వేలు, ఎర్ర గీతలు, కలలోకొచ్చిన కుందేళ్ళు, ఇవేవీ ఎవరూ అడగలేదు. ముందు కోపం వస్తుందనుకుంది. కానీ పొట్టలోంచి ఎక్కడ్నుంచో నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. షాపావిడ మొదట కంగారు పడి, తర్వాత తనూ నవ్వడం మొదలెట్టి, "నిజం చెప్పాలంటే ఇరవై కూడా ఎక్కువేనేమో" అంది. ఆమె ఇరవై లెక్కపెట్టి అక్కడ పెట్టింది. మిగిలినవి దారిలో పిల్లల ఆసుపత్రి వార్డులో ఇచ్చేసింది. ఎవర్నీ అడగలేదు. తను చేసినవి తను ఇచ్చుకోవడానికి ఎవర్ని అడగాలి?

ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని బస్టాపులో కూర్చుంది. వీపంతా ఆనించి కూర్చుంది. ఒక బస్సు వచ్చింది, వెళ్ళింది. ఎక్కలేదు. ఇంకొకటి వచ్చేదాకా ఊరికే కూర్చుంది. భుజాలు ఇంత కిందకి దిగుతాయా అని ఆశ్చర్యపోయింది. ఇన్నాళ్ళూ అవి చెవుల దగ్గరే ఉన్నాయన్నమాట.

ఇంటికొచ్చేసరికి ఆయన ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. "కుందేళ్ళేవి?"

జరిగింది చెప్పింది. ఇరవై అన్న మాట విని ఆయన మొహం వాడిపోయింది. "అది... మాటల్లో అన్నాను. ఆవిడకి మన స్థాయి తెలియాలి కదా. ఇప్పుడు నా మాట ఏం కాను? మాటిచ్చాను కదా నేను?"

"మాటిచ్చింది మీరు. వేళ్ళు నావి" అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నీ కోసమే చేశానే అంతా. నువ్వు పైకి రావాలనే."

"నిజమేనండీ. అయినా వద్దు." అని ఆగి, రెండోది కూడా చెప్పేసింది. "ఆదివారాలు నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు రావద్దు."

ఈసారి ఆయన గొంతులో అధికారం లేదు. "మరి నేనేం చెయ్యను?" అన్నాడు.

అప్పుడామెకి ఆయన మీద నిజంగా జాలేసింది. ముప్ఫై ఏళ్ళు మేకులు కాపలా కాసిన మనిషి, ఇప్పుడు కాపలా కాయడానికి ఏమీ లేని మనిషి. ఆ ఇంట్లో ప్రతి ప్రశ్నకీ జవాబు ఆమె దగ్గరే ఉండేది. తువ్వాలేది, కళ్ళజోడేది, సాయంత్రం ఏం వండుదాం, నాకు ఎందుకో మనసు బాలేదు ఎందుకంటావ్. అలవాటుగా నోట్లోకి జవాబు వచ్చేసింది కూడా, సరే రండి, బల్ల మోయడానికి రండి అని. దాన్ని నాలుక మీదే ఆపేసింది.

"నాకు తెలియదండీ" అంది.

అన్నాక గుండె తేలికైపోయింది. తెలియకపోవడం తన తప్పు కాదని, ఆ ప్రశ్న తనది కానే కాదని, ఆ ఒక్క మాటతో తెలిసింది.

ఆయన మూడు రోజులు అలిగాడు. ఆయన అలిగితే పూర్వం ఆమెకి తిండి సయించేది కాదు, ఏ పాపం చేశానా అని వెతుక్కునేది. ఈసారి మూడు రోజులూ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆయన అలకలో ఇంత సుఖముందని ఇన్నాళ్ళూ తెలియనందుకు విచారించింది. నాలుగో రోజు కూతురు ఫోన్ చేసింది. "నాన్న అరగంట కుందేళ్ళ గురించి చెప్పుకుని బాధపడ్డాడు. ఏంటమ్మా కథ?" అంది. ఆమె మొత్తం చెప్పింది, నీలం పరదా గదితో సహా.

"అమ్మా, నువ్వు డ్రాయింగు టీచరువా?"

"ఊఁ. నాలుగేళ్ళు."

"నాకెందుకు చెప్పలేదు ఎప్పుడూ?"

"నువ్వు పడుకున్నావు అప్పుడు" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు, కూతురి నవ్వు మధ్యలో కాస్త తడిసింది.

శుక్రవారం చూస్తే ఫ్రిజ్ తలుపు మీద చార్టు లేదు. ఆమె తియ్యలేదు. ఎవరు తీశారని అడగనూ లేదు.

ఆదివారం ఆమె ఒక్కతే బయల్దేరింది. మబ్బు పట్టి ఉంది, జనం పల్చగా ఉన్నారు. బల్ల తనే మోసుకుంది. మధ్యలో రెండుసార్లు దింపి ఊపిరి పీల్చుకుంది. పెట్టె అడుగున మిగిలిపోయిన పాత బొమ్మలు నాలుగే నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంతేనా సరుకు?" అంది గరిటెలక్క.

"ఇంతే అక్కా."

"పెద్ద షాపే పెట్టావు" అని గరిటెలక్క తన కుర్చీ ఒకటి తెచ్చి బల్ల ముందు వేసింది. ఆమె అందులో కూర్చుని, నర్సు అడిగిన ఆవిడ మొహం కుట్టడం మొదలుపెట్టింది. కళ్ళు కుదిరాయి కానీ నోరు కుదరలేదు. విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ విప్పింది. విప్పుతుంటే ఎవరూ స్కేలు పెట్టి చూడలేదు. తొందరపడమని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడితే గరిటెలక్కా ఆమే కలిసి టార్పాలిన్ లాగి కట్టారు. వచ్చినవాళ్ళు బొమ్మల్ని చూసి నవ్వారు, ఒకరిద్దరు చేతిలోకి తీసుకుని ఎవర్నో తలుచుకున్నారు, పెట్టేసి వెళ్ళారు. ఒక్కరూ కొనలేదు. సూది ఎప్పుడు గుచ్చి లేవాలా అన్న ఆదుర్దా లేకుండా అన్ని గంటలు ఒకే మొహాన్ని చూస్తూ కూర్చోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

నాలుగింటికి ఫోన్ మోగింది. ఆయన.

"టీ పొడి డబ్బా నేనే సర్దాను, నాకే కనబడలేదు. పది నిమిషాలు వెతికి పట్టుకున్నాలే" అన్నాడు. అడగాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు తెలుస్తోంది. ఉండబట్టలేక, "ఎన్ని పోయాయి?" అన్నాడు.

ఆమె బల్ల మీది నలుగురు ఆడవాళ్ళనీ, చేతిలో అప్పుడే నోరు కుదిరిన అయిదో ఆవిడనీ చూసుకుంది.

"ఏమీ పోలేదండీ" అంది.